వానలు పట్టుకోకముందే కిటికీ అద్దం మారుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అక్టోబరు చివరికి తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. 2021 నవంబరు వానల్ని ఇక్కడెవరూ మరిచిపోలేదు. అద్దం పగిలి ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

• పగిలిన ముక్కల్ని కింది నుంచి లాగకండి. పైన వేలాడే ముక్క జారి నేరుగా మణికట్టు మీద పడుతుంది. ముందు రెండు వైపులా వెడల్పు టేపు అంటించండి. మందపాటి గ్లవుజులు, బూట్లు, కళ్లద్దాలు వేసుకుని పైనుంచి కిందికి రండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు.

• కొలత ఫ్రేము గాడిలో మూడు చోట్ల తీయండి. పాత చెక్క ఫ్రేముల మూలలు సరిగ్గా ఉండవు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొలతలో 3 మి.మీ. తగ్గించి షాపులో చెప్పండి. బిగుతుగా కూర్చోబెడితే, వానకు చెక్క ఉబ్బి కొత్త అద్దం కూడా చిట్లుతుంది.

• టఫెన్డ్ గ్లాసును (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) తెచ్చాక కోయలేరు, కొలతకు చేయించాల్సిందే.

• అద్దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే పాత లప్పం (పుట్టీ) మొత్తం గీకేయండి. ఎండకి ఎండి బిస్కెట్‌లా విరుగుతుంది, కింద పూత లేని చెక్క బయటపడుతుంది. దానికి ప్రైమర్ వేయకపోతే కొత్త లప్పంలోని నూనెను చెక్క పీల్చేస్తుంది, పగుళ్లొస్తాయి. కొత్త లప్పం పెట్టాక పెయింటు వేయడానికి వారం, పది రోజులు ఆగాలి, ఆ రోజులు లెక్కేసుకుని మొదలుపెట్టండి.

• అల్యూమినియం కిటికీ అయితే కింది పట్టాలో నీళ్లు పోయే రంధ్రాలు సిలికాన్‌తో మూయకండి. నీళ్లు గదిలోకే వస్తాయి.

• గాజు ముక్కల్ని చెత్త సంచిలో కలపకండి. పేపర్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన 'గాజు' అని రాయండి. పొద్దున చెత్త బండితో వచ్చే అమ్మకు నోటితోనూ చెప్పండి. ఆమె చెత్తను చేతులతోనే వేరు చేస్తుంది.