పద్యనాటక కళాకారులకు సంస్మరణ సభ జరపడం ఎలా?

పద్యనాటకం బతికున్న ఊళ్ళలో పేరున్న నటుడు కన్నుమూస్తే, సంతాప సభ జరిపే బాధ్యత సాధారణంగా స్థానిక నాటక సమాజం మీదో, ఆయనతో కలిసి వేషం కట్టిన సాటి నటుల మీదో పడుతుంది. తొందరలో ఏర్పాటు చేసే ఇటువంటి సభలు చాలా వరకు దండలతో, ‘తీరని లోటు’ అన్న మాటతో ముగిసిపోతాయి. ఆయన పద్యం ఎలా ఎత్తుకునేవారో, ఏ వేషంలో ఎలా నిలబడేవారో ఎవరూ చెప్పరు. ఆయన రంగస్థలం మీద చేసిన పనిని ఒక్కసారైనా మళ్ళీ వినిపించగలిగితేనే అది నటుడికి తగిన నివాళి అవుతుందని నమ్మి ఈ సూచనలు రాస్తున్నాను.

మరణించిన రోజున నిర్ణయాలన్నీ కుటుంబానివే. సాటి కళాకారులు భౌతికకాయం దగ్గర పద్యం పాడి వీడ్కోలు పలకాలనుకుంటే, ఇంటి పెద్దను ముందుగా అడిగి, ఒకటి రెండు పద్యాలతో ఆపాలి. ఏడుస్తున్న ఇంటివాళ్ళను ఫోన్లతో చిత్రీకరించడం ఎవరు చేస్తున్నా మానిపించాలి.

సంస్మరణ సభను పెద్దకర్మ రోజునే పెట్టడం చాలా చోట్ల ఆనవాయితీ. అయితే ఆ రోజు ఇంటివారు కర్మకాండలోనూ భోజనాల ఏర్పాట్లలోనూ తలమునకలై ఉంటారు కనుక, కొద్దిరోజుల తరువాత విడిగా జరపడమే మేలని నా అభిప్రాయం. శివరాత్రి, శ్రీరామనవమి, జాతరల రోజుల్లో నటులకూ హార్మోనిస్టులకూ రాత్రిళ్ళు నాటకాలుంటాయి. ఆ కాలంలో సభను పగటిపూట పెడితేనే వారు రాగలుగుతారు. హైదరాబాదు రవీంద్రభారతిలోనో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో సభ జరగడం గౌరవమే కాని, తెల్లవార్లూ కూర్చుని ఆయన నాటకం చూసిన జనం అక్కడికి రాలేరు. ఆయన ఎక్కువసార్లు ఆడిన ఊరి వేదికనే ఎంచుకోండి.

సభను నాటకం మొదలైనట్టే ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థనతో, వచ్చిన కళాకారులందరి చేత పాడించి ప్రారంభించండి. ఆ తరువాత మొదటి మాట హార్మోనిస్టుకు ఇవ్వండి, ఎందుకంటే ఆ నటుడి శ్రుతి ఎంతో, ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకునేవారో, ‘వన్స్ మోర్’ అని జనం కేకలు వేసినప్పుడు రెండోసారి ఏ మార్పు చేసి పాడేవారో హార్మోనిస్టుకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. వారి వెనుక మేకప్ వేసినవారు, ఎదుటి పాత్ర ధరించినవారు మాట్లాడాలి. ఏం చెప్పాలో తోచక తడబడేవారిని, ఆయన కృష్ణుడిగా ఏ రంగంలో ఎలా ప్రవేశించేవారో చెప్పమని సూటిగా అడిగితే జ్ఞాపకాలు వాటంతట అవే వస్తాయి. నాయకుల ప్రసంగాలు చివరన, క్లుప్తంగా ఉంటే చాలు.

పద్యాల ఎంపికలో చాలా జాగ్రత్త కావాలి. ఆయన కృష్ణ పాత్రధారి అయితే, తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలలోని ‘చెల్లియో చెల్లకో’, ‘జెండాపై కపిరాజు’ పద్యాలను ఎవరైనా కోరతారు. వాటితోపాటు ఆయన మాత్రమే ప్రత్యేకంగా పాడే, అంతగా ప్రచారంలో లేని పద్యం ఒకటి శిష్యుల చేత తప్పక పాడించండి. హరిశ్చంద్ర పాత్రధారి అయితే చిక్కు మరింత పెద్దది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోని కాటిసీనులో జాషువా శ్మశాన పద్యాలను కలిపి పాడడం సంప్రదాయమైపోయింది. ప్రేక్షకులు ‘ఎన్నో యేండ్లు గతించిపోయినవి’ అన్న పద్యం కోసం ఎదురుచూస్తారు. ఆ కంఠంలో ఆ పద్యాన్ని వందలసార్లు విన్న భార్యాబిడ్డలకు, చితి ఆరిన కొద్దిరోజులకే దాన్ని మరొకరి నోట వినడం భరించరానిదిగా ఉండవచ్చు. వారిని ముందుగా అడగండి. వద్దంటే కారణం అడగవద్దు. కావాలంటే మాత్రం చప్పట్లు లేకుండా, మైకు తగ్గించి పాడించండి. స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకున్న నటుడైతే సంకోచించకుండా ఆ పాత్రల గురించే మాట్లాడండి. 1971లో మరణించిన స్థానం నరసింహారావు గారిని నేటికీ సత్యభామ వేషంలో పాడిన ‘మీరజాలగలడా’ పాటతోనే తలుచుకుంటున్నాము కదా.

సభ అయిన వెంటనే చేయవలసిన పని ఆయన మిగిల్చినవాటిని కాపాడడం. పాత క్యాసెట్లను దొరికిన టేపురికార్డరులో పెట్టి వినాలని ఆత్రపడవద్దు, టేపు చిక్కుకుంటే ఆ గొంతు తిరిగి రాదు. బూజు ఉందేమో చూసి, శుభ్రం చేసిన యంత్రంలో మొదటిసారి వేసినప్పుడే కంప్యూటరులోకి ఎక్కించి, రెండు ప్రతులను వేర్వేరు ఇళ్ళలో ఉంచండి. ప్రతి రికార్డింగుకూ ఊరు, సంవత్సరం, హార్మోనిస్టు, సహనటుల పేర్లు రాయించండి; వాటిని గుర్తుపట్టగల పెద్దలు సభకు వచ్చి ఉంటారు గనుక అదే సరైన సమయం. చేతిరాత నాటక ప్రతిలో ఆయన అంచున రాసుకున్న రాగాల పేర్లు, కొట్టివేసిన పంక్తులు అన్నీ పేజీ పేజీగా ఫొటో తీయండి. కిరీటం, నగలు, ఆల్బములు తీసుకుంటే రసీదు ఇచ్చి, చెప్పిన రోజుకు తిరిగి అప్పగించండి.

కుటుంబానికి వసూలు చేసిన సాయాన్ని వేదిక మీద ప్రకటించకుండా, ఇంటికి వెళ్ళి చేతిలో పెట్టండి. నాటకాలు కుదిర్చే కాంట్రాక్టర్ల నుంచి ఆయనకు రావలసిన బాకీలు ఉన్నాయేమో విచారించండి. ప్రభుత్వ కళాకారుల పింఛను వస్తూ ఉండి ఉంటే, మరణ ధ్రువపత్రంతో ఎవరినైనా తోడు పంపి ఆ కార్యాలయానికి తెలియజేయడం అవసరం.

ఏటా వర్ధంతి జరిపే స్తోమత లేని సమాజాలు, కందుకూరి వీరేశలింగం గారి జయంతి అయిన ఏప్రిల్ 16న, తెలుగు నాటకరంగ దినోత్సవ ప్రదర్శనలో ఒక రంగాన్ని ఆయన పేర కేటాయించి, ఆయన ధరించిన పాత్రను కొత్తగా నేర్చుకుంటున్న నటుడి చేత వేయించవచ్చు.