పహాణీలో దొరికిన ముత్తాత

తాతముత్తాతల పేర్ల కోసం జనాభా లెక్కల వెంట పడకండి. 1948 చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. జిల్లా జనగణన పుస్తకాల్లో ఉండేది ఊరి పేరు, ఇళ్లెన్ని, జనమెంత లాంటి లెక్కలే.

మన తెలంగాణలో పేర్లు చెప్పేది భూమి కాగితం. మా తాత భువనగిరి వైపు నుంచి వచ్చి హైదరాబాద్ మలక్‌పేటలో ఉండిపోయాడు. ఊళ్లో రెండెకరాల చెలక ఉండేదన్న ఒక్క మాటే మాకు మిగిలింది. ఊరికెళ్లి పక్క పొలం వాళ్లను అడిగితే సర్వే నంబరు చెప్పారు. దాంతో తహసీల్దార్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ నకలు అడిగాను. ఏ సర్వే నంబరు భూమి ఎవరిదో రాసిన రికార్డు అది. పట్టాదారు దగ్గర తాత పేరు, ఆ పక్కనే తండ్రి పేరు. మా ముత్తాత పేరు రాతలో చూడటం నాకదే మొదటిసారి. కాసేపు అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

నకలు ఆలస్యమైతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మండల ఆఫీసుకు రుసుము 5 రూపాయలు, పేజీకి 2 రూపాయలు. జిల్లా పేరు దగ్గర జాగ్రత్త: 2016లో జిల్లాలు విడిపోయాయి, పాత కాగితాల్లో భువనగిరి నల్లగొండ జిల్లాలోనే ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే సేత్వార్ (భూమి సర్వే చేసినప్పుడు రాసిన మూల రికార్డు) లాంటివి ఉర్దూలో ఉంటాయి. ఏళ్లు ఫస్లీలో, అంటే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్కలో వేస్తారు; 590 కలిపితే దాదాపు మన సంవత్సరం వస్తుంది. 1358 ఫస్లీ అంటే 1948-49. చదివించుకోవడానికి డబ్బు పెట్టక్కర్లేదు, మా గల్లీలో ఉర్దూ మీడియంలో చదివిన ఒక పెద్దాయన చాయ్ తాగుతూ చదివి పెట్టారు. నిజాం నాటి సర్కారు దస్తావేజులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, కానీ రైతు కుటుంబాలు అక్కడికి ఆఖర్న వెళ్తే చాలు. బడి అడ్మిషన్ రిజిస్టరు, మరణ ధ్రువపత్రం కూడా చూడండి.

పహాణీల్లో ఆడవాళ్లు దాదాపు కనిపించరు. నాకు బాధగా ఉండేది ఇదే. వాళ్ల పేర్లు పెద్దవాళ్ల నోట్లోనే ఉన్నాయి, అందుకే ఆఫీసుల కంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. మా మేనత్తకు 84 ఏళ్లు. ప్రశ్నలేవీ వేయకుండా పాత పెళ్లి ఫొటోలు ముందు పెట్టాను. గంట తర్వాత తనే అంది: "మా నాయినమ్మ పేరు ఎల్లమ్మ బిడ్డా. ఆమె తల్లిగారిల్లు ఆలేరు."

వచ్చే వారం ఆలేరు వెళ్తున్నాను, ఎల్లమ్మ అన్నదమ్ముల సర్వే నంబరు కోసం.