ఇంటర్వ్యూకి ముందు జుట్టు జోలికి వెళ్లకండి

పోయిన మంగళవారం సాయంత్రం గుంటూరు కొత్తపేటలోని మా చర్మవ్యాధుల క్లినిక్‌కి ఒక అమ్మాయి తల నిండా చున్నీ కప్పుకుని వచ్చింది. పక్కన వాళ్లమ్మ. చున్నీ తీస్తే ముఖం ఆనవాలు పట్టేలా లేదు. కనురెప్పలు రెండూ బూరెల్లా పొంగి కళ్లు గీతల్లా మిగిలాయి. చెవుల వెనక నుంచి పసుప్పచ్చని రసి కారుతోంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎర్రగా పొక్కిపోయింది. ఎంబీబీఎస్ అయ్యి, అమెరికా పరీక్షలు రాసి, మూడేళ్లు ఎదురుచూస్తే వచ్చిన మొదటి రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) ఆన్‌లైన్ ఇంటర్వ్యూ గురువారం ఉంది. ఆదివారం మధ్యాహ్నం పిన్ని కూతురి చేత జుట్టుకి నల్ల రంగు వేయించుకుంది. పాపిట దగ్గర పది పన్నెండు వెంట్రుకలు తెల్లబడ్డాయట, కెమెరాలో కనిపిస్తాయని భయం.

“పోయినేడు అన్నయ్య పెళ్లికి కూడా ఇదే వేసుకున్నాను మేడమ్, అప్పుడేం కాలేదు” అంది.

తనూ డాక్టరే. చదువుకున్న పిల్లే ఇలా అనుకుంటే మిగతావాళ్ల సంగతేమిటని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ ఇంటర్వ్యూల సీజన్లో ఇలాంటి కేసు కనీసం ఒకటైనా రాని ఏడాది నాకు గుర్తులేదు. అందుకే రాస్తున్నాను.

మన దగ్గర ఎంబీబీఎస్ సీటుకి ఇంటర్వ్యూ ఉండదు, నీట్ ర్యాంకు చూసి ఇస్తారు. కానీ గుంటూరు మెడికల్ కాలేజీలోనో విజయవాడ సిద్ధార్థలోనో చదివి అమెరికా రెసిడెన్సీకి ప్రయత్నించేవాళ్లకి ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూలు నడుస్తాయి. బ్రిటన్‌లో మెడిసిన్ సీటుకి అప్లై చేసిన ఇంటర్ పిల్లలకి దాదాపు డిసెంబరు నుంచి మార్చి వరకు. ఇంట్లో అందరూ తలో సలహా ఇచ్చేది, పార్లర్‌లో అపాయింట్‌మెంట్లు తీసుకునేది కూడా సరిగ్గా ఈ నెలల్లోనే.

చొక్కా ఇస్త్రీ చేసుకోవాలనీ, ముఖం కడుక్కుని కూర్చోవాలనీ మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. ఇంటర్వ్యూకి నాలుగు వారాల ముందు నుంచి జుట్టుకి గానీ ముఖానికి గానీ కొత్తది ఏదీ పెట్టకండి. పాతదే అయినా రంగు మాత్రం వద్దు.

నల్ల రంగు సంగతి

నల్ల రంగుల్లో చాలావాటిలో పారాఫినైలీన్ డైఅమీన్ అనే రసాయనం ఉంటుంది, మేము పీపీడీ అంటాం. అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ (ఒంటికి తగిలినవి పడక చర్మం పొక్కడం) చూసే వైద్యుల సంఘం 2006లో దీన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. దీనితో వచ్చే చిక్కు ఏమిటంటే, మొదటిసారి వేసుకున్నప్పుడు చాలామందికి ఏమీ కాదు. కానీ ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. రెండోసారో, ఐదోసారో, ఇరవయ్యోసారో తిరగబడతాయి. ఒకసారి తిరగబడ్డాక ఇక జీవితాంతం అంతే. ఆ అమ్మాయికి పెళ్లప్పుడు ఏమీ కాకపోవడం ధైర్యం ఇచ్చే విషయం కాదు. బహుశా అసలు కథ మొదలైందే అప్పుడు.

ఇంకో సంగతి, ఇది వెంటనే బయటపడదు. రంగు వేసుకున్న సాయంత్రం అంతా బాగానే ఉంటుంది, అద్దంలో చూసుకుని సంతోషిస్తారు. ఒకటి రెండు రోజులకి దురద, ఆ తర్వాత వాపు. తల మీద చర్మం మందం కాబట్టి అక్కడ పెద్దగా తెలియదు. పలచగా ఉండే కనురెప్పలు, చెవులు, మెడ ముందు వాస్తాయి. కెమెరాలో కనిపించేవి కూడా అవే.

వాళ్లమ్మ చెత్తబుట్టలోంచి రంగు అట్టపెట్టె తీసి తెచ్చింది, మంచిపని చేసింది. పక్కన నువ్వుగింజంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది, 48 గంటల ముందు చర్మం మీద పరీక్షించుకోవాలని. లోపల ప్లాస్టిక్ గ్లౌజులు మడత కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి. రంగు వేసిన పిన్ని కూతురి వేళ్ల సందుల్లో కూడా రెండో రోజుకి పొక్కులు వచ్చాయట.

“నేను హెన్నానే వాడతాను, అది సహజం” అనేవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆషాఢంలో చెట్టు నుంచి కోసి రుబ్బి పెట్టుకున్న గోరింటాకు ఎప్పుడైనా నల్లగా పండిందా? ఎర్రగా పండుతుంది, మరీ బాగా పండితే ముదురు ఎరుపు. పొడి కలిపి పెట్టిన అరగంటలో జుట్టు నల్లబడిందంటే అందులో గోరింటాకు కాక ఇంకేదో ఉంది, చాలాసార్లు ఆ ఇంకేదో పీపీడీనే. పెళ్లిళ్లలో అరగంటలో నల్లగా పండే కోన్ల సంగతీ ఇంతే. చిన్నప్పుడు చేతికి అలాంటి డిజైన్ వేయించుకుని పొక్కినవాళ్లు జుట్టుకి రంగు అసలే వేసుకోకూడదు. ఈ రసాయనం పడనివాళ్లలో కొందరికి సల్ఫా మందులు (ఒక రకం యాంటీబయాటిక్స్), చర్మం మొద్దుబారడానికి రాసే కొన్ని రకాల మత్తు క్రీములు కూడా పడవు.

అంత కష్టపడి దాచాలనుకున్న తెల్ల వెంట్రుకల మాట. ఆ అమ్మాయి ముందే లాప్‌టాప్ తెరిచి, వాళ్లమ్మని కెమెరాకి మూడడుగుల దూరంలో కూర్చోబెట్టాను. ఆవిడ పాపిట నిండా తెల్లదనమే. తెర మీద చూస్తే దీపం వెలుతురు పడి మెరుస్తున్నట్టుంది తప్ప తెలుపో నలుపో తెలియలేదు. ఇరవై ఆరేళ్లకి పది వెంట్రుకలు నెరిశాయని ఏ రెసిడెన్సీ ప్రోగ్రాం వాళ్లూ సీటు ఆపరు. ముఖం వాచి, మందుల మత్తులో తూలుతూ మాట్లాడితే మాత్రం మీరు పడ్డ మూడేళ్ల కష్టం వాళ్లకి కనిపించదు.

స్ట్రెయిటెనింగ్, కెరటిన్

ఇది రెండో ప్రమాదం. శవాలను కోసి నేర్చుకునే అనాటమీ హాల్లో మొదటి రోజు కళ్లు మండించిన వాసన గుర్తుందా? కెరటిన్ ట్రీట్‌మెంట్ల పేరుతో పూసే వాటిలో చాలావాటి నుంచి వేడి తగలగానే వెలువడేది ఆ ఫార్మాల్డిహైడే. పార్లర్‌లో ఏసీ గది తలుపులు మూసి అరగంట పీల్చి వస్తే గొంతు బొంగురుపోతుంది. మర్నాడు ఇంటర్వ్యూ ఉంటే ఏం మాట్లాడతారు?

ఫార్మాల్డిహైడ్ లేదని రాసిన వాటిలో కొన్నిటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడుతున్నారు. 26 ఏళ్ల యువతికి 2020, 2021, 2022 మూడేళ్లలోనూ స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ప్రతిసారీ కిడ్నీలు దెబ్బతిన్న వైనాన్ని 2024లో వైద్య పత్రికలో ప్రచురించారు. మూడుసార్లూ తల మీద మంట, వాంతులు, నడుం నొప్పి. అందరికీ ఇలా అవుతుందని నేను అనడం లేదు. ఇంటర్వ్యూ వారంలో అయితే మాత్రం ఏం చేస్తారని అడుగుతున్నాను.

ఉంగరాల జుట్టు ఉన్న పిల్లలు ఎక్కువగా భయపడి ఈ పనికి వెళ్తారు. ఉంగరాల జుట్టు అశుభ్రం కాదు, దాన్ని సాపు చేస్తేనే డాక్టరులా కనిపిస్తారనేది మన అపోహ. జాతి సహజమైన జుట్టు తీరును బట్టి ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియాలో 2019లోనే చట్టం చేశారు. డాక్టరు జుట్టుకి పరీక్ష ఒక్కటే. కుర్చీలో కూర్చుని, పేషెంటు పొట్ట చూస్తున్నట్టు ముందుకి వంగండి. జుట్టు కళ్ల మీదకి గానీ, పేషెంటు మీదకి గానీ పడిందా, పిన్ను పెట్టండి. పడలేదా, అలాగే వదిలేయండి. జడ, ముడి, పోనీటెయిల్, పొట్టి జుట్టు ఏదైనా సరే, మీరు వార్డుకి రోజూ ఎలా వెళ్తున్నారో అలాగే కూర్చోండి. బొట్టు తీయక్కర్లేదు.

మగపిల్లలకి

గడ్డానికి వేసే రంగు కూడా రంగే. తల మీద కంటే ముఖం మీద ఇంకా త్వరగా పొక్కుతుంది. గడ్డం ఉంచుకోవచ్చు, అంచులు సరిచేసుకుంటే చాలు. ఎప్పుడూ ట్రిమ్మర్ వాడే వాళ్లు ఇంటర్వ్యూ పొద్దున కొత్త బ్లేడుతో నున్నగా గీసుకోకండి, సాయంత్రానికి మెడ నిండా ఎర్రటి పొక్కులు తేలతాయి. క్షవరం వారం ముందు, మీ పాత షాపులో, మీ పాత మనిషి దగ్గరే.

జుట్టు రాలుతోందని మినాక్సిడిల్ (జుట్టు మొలవడానికి తలకి రాసే మందు) ఇప్పుడు మొదలుపెట్టకండి. మొదటి వారాల్లో ఉన్నది కూడా కొంత ఊడుతుంది, అది చూసి ఇంకా బెంగపడతారు. డెంగ్యూ లాంటి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి గుప్పెళ్లకొద్దీ రాలడం మామూలే, దానంతట అదే ఆగుతుంది.

తిరుపతి మొక్కు ఉంటే మార్చి దాకా ఆగండి. మ్యాచ్ ఫలితం, అంటే ఎవరికి ఏ రెసిడెన్సీ సీటు దక్కిందనేది, వచ్చేది మార్చిలో, మొక్కు తీర్చేది కోరిక తీరాకే కదా. అప్లికేషన్‌లో పెట్టిన ఫొటోకీ తెర మీద మనిషికీ పోలిక ఉండాలి. ఇప్పటికే గుండు చేయించుకుని ఉంటే దాచాల్సిన పనేం లేదు, టోపీ పెట్టకుండా అలాగే కూర్చోండి.

ఇక మిగతావి. వరసేం లేదు, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

కనుబొమల త్రెడింగ్ మూడు రోజుల ముందే అయిపోవాలి.

కెమికల్ పీల్ (మందు పూసి చర్మం పై పొర ఊడదీయడం) వద్దు. “గ్లో” అని ఎవరు ఏ పేరు పెట్టి పిలిచినా వద్దు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములు వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారం మెరుస్తుంది, మానేయగానే ఎర్రబడి మండుతుంది.

ఫేషియల్ వద్దు. బంధువుల పెళ్లి మధ్యలో వచ్చినా వద్దు.

జుట్టుకి కొత్త షాంపూ వద్దు, కొత్త సీరమ్ వద్దు, కొత్త నూనె వద్దు. పాత నూనె కూడా ఆ రోజు వద్దు, ట్యూబ్‌లైట్ కింద నుదురు మెరుస్తుంది.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. తూర్పు తీరంలో పొద్దున 9 అంటే ఆ ముందు వరకు మనకి సాయంత్రం 6:30, ఆ తర్వాత నుంచి 7:30. విజయవాడ ఉక్కలో పొద్దున చేసిన తలస్నానం ఆ వేళకి జిడ్డుగా తయారవుతుంది. తలస్నానం మధ్యాహ్నం చేయండి, పూర్తిగా ఆరనివ్వండి.

సీలింగ్ ఫ్యాన్ కిందే కూర్చోకండి. రేగిన వెంట్రుకలు తెర మీద గంటసేపు ఎగురుతూనే ఉంటాయి. ఏసీ లేకపోతే టేబుల్ ఫ్యాను పక్కన, మైకుకి దూరంగా.

జూమ్‌లో ఉత్తుత్తి బ్యాక్‌గ్రౌండ్ పెట్టకండి, ఉంగరాల జుట్టు అంచుల్ని అది కొరికేస్తుంది. వెనక ఖాళీ గోడ ఉంటే చాలు.

మాట్లాడేటప్పుడు జుట్టులోకి చెయ్యి పోనివ్వకండి. తెలియకుండా చేస్తాం, రికార్డు చేసి చూసుకోండి.

బ్రిటన్ ఇంటర్వ్యూలకి కళాశాలకే వెళ్లేవాళ్లు, చేతులు మోచేతి దాకా మడిచే వీలున్న చొక్కా వేసుకోండి. అక్కడి ఆస్పత్రుల్లో 2007 నుంచి మోచేతి కింద గడియారాలు, గాజులు లేకుండా ఉండే పద్ధతి ఉంది.

గోళ్లు అర సెంటీమీటరు దాటకూడదు. అతికించే గోళ్లు వద్దే వద్దు.

మల్లెపూలు ఆ ఒక్కరోజు ఇంట్లో దేవుడికి పెట్టండి. ఘాటు సెంటు వద్దు.

జుట్టు ఎలా దువ్వుకోవాలో మాక్ (ప్రాక్టీసు) ఇంటర్వ్యూ రోజునే తేల్చుకోండి. ఆ రోజు ఎలా దువ్వారో అసలు ఇంటర్వ్యూ రోజున కూడా అంతే.

అత్తయ్య చెప్పినా, పక్కింటావిడ చెప్పినా, సీనియర్ చెప్పినా, నాలుగు వారాల్లోపు రంగు వద్దు. పెట్టె మీద అమోనియా లేదని రాసి ఉన్నా వద్దు. అమోనియా వేరు, పీపీడీ వేరు. ఎప్పుడూ వేసుకునేదే అయినా వద్దు. తప్పదు, వేసుకునే తీరతాను అంటే నెల ముందు, చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు ఆగి చూసి, ఏ మాత్రం దురద పుట్టినా ఆ పెట్టె చెత్తబుట్టలో వేయండి.

ఇప్పటికే వేసుకుని దురద మొదలైతే వెంటనే మామూలు షాంపూతో రెండు మూడుసార్లు కడగండి. నిమ్మకాయ, పెరుగు, పసుపు, కొబ్బరినూనె ఏదీ పూయకండి. బాగుచేద్దామని దాని మీద ఇంకో రంగు వేయకండి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మింగకండి, డాక్టర్లయినా సరే. ఊపిరి ఆడకపోయినా, పెదవులు నాలుక వాచినా, గొంతు బిగిసినట్టనిపించినా చర్మం డాక్టరు కోసం వెతక్కుండా నేరుగా దగ్గర్లోని ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

ఇంటర్వ్యూ తేదీ దగ్గర పడితే సిగ్గుపడి దాచకండి, ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కి ముందే రాయండి. ఆ అమ్మాయి మా క్లినిక్‌లోనే కూర్చుని రాసింది, నాలుగే లైన్లు. తీవ్రమైన అలర్జీ వచ్చింది, చికిత్సలో ఉన్నాను, డాక్టరు ఉత్తరం జతచేస్తున్నాను, మీకు వీలైన వేరే తేదీ ఇవ్వగలరా అని. కళ్లు తెరుచుకోక అక్షరాలు కనిపించకపోతే తను చెబుతుంటే వాళ్లమ్మ ఒక్కో వేలితో టైపు చేసింది. బుధవారం పొద్దున జవాబు వచ్చింది, మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. నిన్న చెకప్‌కి వచ్చింది. వాపు పోయింది, చెవుల వెనక పొట్టు రాలుతోంది, పాపిట దగ్గర అంగుళంలో పదో వంతు కొత్త జుట్టు వచ్చింది, అందులో రెండు మూడు తెల్లవి. వాటిని అలాగే ఉంచమన్నాను.