నైట్ డ్యూటీలో కునుకు: ఎప్పుడు, ఎంతసేపు, లేచాక ఏం చేయాలి

ఆసుపత్రి నైట్ డ్యూటీలో నర్సులు వీలు చూసుకుని కునుకు తీయడం తప్పు కాదు. లేచీ లేవగానే సిరంజి పట్టుకోవడమే ప్రమాదం. కళ్లు తెరుచుకున్నా 15 నుంచి 30 నిమిషాల దాకా నిద్రమత్తు వదలదు, డోసు లెక్క తప్పుతుంది. కునుక్కి కేటాయించే సమయంలో ఈ మత్తు వదిలే సమయాన్నీ కలుపుకోవాలి.

వరుస నైట్లలో మొదటిది కూడా గట్టి దెబ్బే. పొద్దున ఆరింటికి లేచి, పగలంతా ఇంటిపని చేసి డ్యూటీకి వచ్చినవాళ్లు తెల్లవారుజాము నాలుగయ్యేసరికి 22 గంటలుగా మేలుకునే ఉంటారు. 17 గంటలు దాటేసరికే చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. అందుకే ఆ మధ్యాహ్నం గది చీకటి చేసుకుని గంటన్నర పడుకోండి. ఒక నిద్ర చక్రం సుమారుగా అంతే ఉంటుంది.

వార్డులో మాత్రం 20 నిమిషాలు చాలు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారతాం, అందులోంచి లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. ఒంటి వేడి బాగా తగ్గే నాలుగు, ఐదు గంటల వేళ లేస్తే మత్తు మరీ ఎక్కువ. ఒంటిగంటకూ మూడింటికీ మధ్య వెళ్లడం మేలు.

వెళ్లేముందు తోటి సిస్టర్‌కి బెడ్ పక్కనే నిలబడి అప్పగించండి: మందు ఎక్కించే ఏ పంపు ఎప్పటికి ఖాళీ అవుతుంది, ఎవరికి ఎన్నింటికి షుగర్ చూడాలి, ఎవరి బీపీ పడుతోంది. "కాస్త చూస్తుండు" అంటే అది అప్పగింత కాదు. రక్తం ఎక్కించడం మొదలుపెట్టాక తొలి 15 నిమిషాలు పేషెంట్‌ని వదలకూడదు, అప్పుడు కునుకు మాటే వద్దు. నిద్ర పట్టడానికి ఐదు నిమిషాలు కలిపి 25 నిమిషాలకు అలారం పెట్టుకోండి. పడుకునే ముందే కాఫీ తాగితే లేచేసరికి పనిచేయడం మొదలవుతుంది. మూడు దాటాక వద్దు. దాని ప్రభావం సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, పగటి నిద్ర చెడుతుంది.

లేచాక లైటు వెలుతురులోకి రండి, ముఖం కడుక్కోండి, వార్డంతా ఓసారి తిరగండి. మత్తు వదిలేదాకా, కనీసం మొదటి 15 నిమిషాలు, మందులు కలపొద్దు. అత్యవసరమైతే ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), పొటాషియం క్లోరైడ్ లాంటి, డోసు తప్పితే ప్రాణం మీదికొచ్చే మందులు రెండో మనిషి లెక్క విడిగా కట్టి సరిచూశాకే ఇవ్వండి.

కునుకు కుదరని రాత్రి చార్టు మీద మీ చేతిరాత గమనించండి. అక్షరాలు గీత దాటి కిందికి జారుతున్నా, చదివిన వరుసే మళ్లీ చదువుతున్నా, "ఈ డోసు ఇచ్చానా?" అని అనుమానం వచ్చినా కొన్ని సెకన్ల నిద్ర మీకు తెలియకుండానే వచ్చిపోతుండొచ్చు. ఇన్‌చార్జికి చెప్పండి. దాచుకోవాల్సిన విషయం కాదిది, పేషెంట్ ప్రాణానికి సంబంధించినది.

ఇంటికి బండి నడపడం మరో గండం. కిటికీ తెరిచినా, పాటలు గట్టిగా పెట్టినా నిద్ర ఆగదు. దాటొచ్చిన మలుపు గుర్తులేకపోతే సురక్షితమైన చోట బండి ఆపేయండి, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి తీసుకెళ్లమనండి.