డై కాస్ట్ అల్యూమినియానికి అనోడైజింగ్ – 3వ పాఠం: నల్ల మసి ఎక్కడిది?

అనోడైజింగ్ అంటే యాసిడ్ తొట్టిలో కరెంటు ఇచ్చి అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర పెంచడం. డై కాస్ట్ అంటే డై అనే లోహపు అచ్చులో ఒత్తిడితో పోత పోసినది. పోయిన పాఠంలో ముక్క మీది నూనె, డై నుంచి అంటుకొచ్చిన మందు కడిగేశాం. కడిగాక నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోకుండా పలచటి పొరలా నిలిస్తేనే ఈ పాఠంలోకి రండి. లేకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ కడగండి.

ఈసారి కాస్టిక్ సోడా నీళ్ల తొట్టి. కిటికీ ఫ్రేములకు వాడే 6063 రకం అల్యూమినియంతో చేయి తిరిగినవాళ్లు డై కాస్టింగునూ అదే ధైర్యంతో కొన్ని నిమిషాలు ముంచుతారు. తీసి చూస్తే బొగ్గులా నల్లగా ఉంటుంది, వేలితో రాస్తే అంటుతుంది. తొట్టి పాడైందనుకుని కొత్త కాస్టిక్ కలిపేవాళ్లూ ఉన్నారు. తప్పు తొట్టిది కాదు. 6063లో సిలికాన్ 0.2 నుంచి 0.6 శాతమే. డై కాస్టింగులో ఎక్కువగా వాడే ఏడీసీ12 రకంలో అది 9.6 నుంచి 12 శాతం, పైగా రాగి 1.5 నుంచి 3.5 శాతం. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. రాగిని ముట్టదు, సిలికాన్ రేణువుల జోలికీ అంతగా పోదు. మిగిలిపోయిన ఆ రెండూ పైన పేరుకున్నదే మసి. ఎంతసేపు ఉంచితే అంత నలుపు.

నలుపుకన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. డైకి తగిలి చటుక్కున చల్లబడిన పై చర్మం గట్టిగా, సన్నటి రేణువులతో ఉంటుంది. దాని కింద గాలి బుడగల గుంటలు. కాస్టిక్ ఆ చర్మాన్ని ఒలిస్తే గుంటలు నోళ్లు తెరుస్తాయి, తర్వాతి తొట్లలోని యాసిడ్ తాగుతాయి. ఎంత కడిగినా లోపలిది పోదు. కొన్నాళ్లకు నింపాదిగా బయటికి కారి తెల్ల మచ్చలు పెడుతుంది. అందుకే కాస్టిక్‌లో 30 సెకన్లు చాలు. అసలు మానేసినా నష్టం లేదు.

మసి తీయడానికి ఒట్టి నైట్రిక్ యాసిడ్ సగమే పనిచేస్తుంది: రాగి పోతుంది, సిలికాన్ ఉండిపోతుంది. సగానికి సగం నీళ్లు కలిపిన నైట్రిక్‌లో లీటరుకు 120 గ్రాముల అమ్మోనియం బైఫ్లోరైడ్ వేస్తేనే అదీ వదులుతుంది. ఇందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పుడుతుంది. ఒంటి మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, కానీ ఎముక దాకా దిగుతుంది. గాలాడే చోటు, తగిన చేతి తొడుగులు, ముఖానికి అడ్డు, పక్కనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా మూత తీయొద్దు. గాజు పాత్ర వద్దు, దాన్ని కూడా తినేస్తుంది.

ఇంత చేసినా వెండి మెరుపు రాదు. లోపలి సిలికాన్ రేపు కరెంటు ఇచ్చినప్పుడు పెరిగే ఆక్సైడ్ పొరలోనూ చిక్కుకుని బూడిద రంగు ఇస్తుంది. నల్ల రంగు అద్దితే చక్కగా ఉంటుంది, లేత రంగుల మీద ఆశ వదులుకోండి. అవే కావాలంటే అచ్చు చేయించకముందే 518 లాంటి, మెగ్నీషియం ఎక్కువున్న అల్యూమినియం రకం అడగాలి. పోత పోయడం మాత్రం దానితో కష్టం.

అభ్యాసం: ఒకే పోతలోని మూడు పనికిరాని ముక్కలు తీసుకోండి. ఒకటి కాస్టిక్ లేకుండా, ఒకటి 30 సెకన్లు, ఒకటి మూడు నిమిషాలు. కడిగి తెల్ల గుడ్డతో తుడిచి మరకలు పోల్చండి. ముక్కల మీద గుర్తులు గీసి దాచండి, వచ్చే పాఠంలో కరెంటు ఇచ్చేది వాటికే.