డబ్బుకు కటకటగా ఉన్నా వియత్నాం చూసి రావాలంటే

అప్పు చేసి, ఈఎంఐలు పెట్టుకుని టూర్‌కి వెళ్దామనుకుంటే మాత్రం ఇది మీకోసం కాదు, ఇంకో ఏడాది ఆగండి. చేతిలో కొంత ఉంది, అందులోనే బయటి దేశం ఒకటి చూసి రావాలి అనుకునేవాళ్లకి నేనైతే వియత్నాం చెప్తాను. రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వస్తాయి కాబట్టి చౌక అంటుంటారు గానీ అది లెక్కే కాదు, అక్కడ పూట గడవడానికి ఎంతవుతుందో చూడాలి. రోడ్డు పక్క ఒక గిన్నె ఫో, అంటే వాళ్ల నూడుల్స్ సూప్, 50 వేల డాంగ్‌ల చుట్టుపక్కల ఉంటుంది, మనకి ఓ 170 రూపాయలు.

అసలు ఖర్చు విమానానిది. సెలవు పెట్టాక టికెట్ వెతకడం కాదు, టికెట్ చూశాక సెలవు పెట్టండి. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు వదిలేయండి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం టెట్ కూడా వద్దు, అప్పుడు అక్కడ జనమంతా సొంతూళ్లకి బయల్దేరతారు, అచ్చం మన సంక్రాంతి రద్దీయే. బెంగళూరు, చెన్నై నుంచి కూడా ధర చూడండి, కాకపోతే అక్కడిదాకా రైలు ఛార్జీ కలుపుకోండి. చౌక విమానాల్లో చేతి సామాను సాధారణంగా 7 కిలోలే. అంతకు మించితే లగేజీకి డబ్బు టికెట్‌తో పాటే కట్టేయండి, కౌంటర్ దగ్గర కడితే మిగిలిందనుకున్నది కాస్తా అక్కడే పోతుంది. (ఆవకాయ సీసా ఈసారికి ఇంట్లోనే ఉండనివ్వండి.)

ఈ-వీసా ఒకసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు, వాళ్ల ప్రభుత్వ సైట్‌లో మీరే పెట్టుకోవచ్చు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి, కట్టిన డబ్బు వెనక్కి రాదు.

ఉత్తరాన హనోయ్ నుంచి దక్షిణాన సైగాన్‌కి, అంటే హో చి మిన్ సిటీకి, రైలు దారి 1,700 కిలోమీటర్ల పైనే, కాబట్టి వారంలో రెండు కొసలూ చూడాలని పరుగెత్తితే డబ్బంతా దారిలోనే అయిపోతుంది. ఉత్తరాన హనోయ్, నిన్ బిన్ చాలు, లేదా దేశం మధ్యలో ఉన్న డా నాంగ్, హోయ్ అన్. అక్టోబర్, నవంబర్‌లో హోయ్ అన్‌లో గదులు చౌకగా దొరికినా ఆశపడకండి, అది వానలు, వరదల కాలం. రాత్రి స్లీపర్ బస్సెక్కితే ఒక రోజు గది అద్దె మిగులుతుంది, పొడుగ్గా ఉన్నవాళ్లకి నిద్ర మాత్రం కష్టమే.

కార్డు గీసినప్పుడు రూపాయల్లోనా డాంగ్‌లోనా అని మెషిన్ అడిగితే డాంగ్ అనే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు వేసిన రేటే మనకి దిక్కు.

శాకాహారులు ఇండియన్ హోటళ్ల కోసం వెతుక్కుంటూ రెట్టింపు పెట్టక్కర్లేదు. సీ, హెచ్, ఏ, వై అని బోర్డు కనిపిస్తే అది శాకాహార హోటలే, 'చాయ్' అంటారు, మన టీ కాదు. పౌర్ణమికీ అమావాస్యకీ అక్కడి బౌద్ధులు చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో ఇంకా సులువుగా దొరుకుతుంది.