లెక్క చూసి మాట్లాడటం పిల్లలకు ఎలా నేర్పాలి? గుప్పెడు పెసలు చాలు

"ఎందుకలా అంటున్నావ్?" అని అడిగితే "నాకు తెలుసు" అనే పిల్లలే ఎక్కువ. "ఇదిగో, లెక్క చూడు" అనడం వాళ్లకి అలవాటు కావాలి. దానికి ల్యాబు అక్కర్లేదు, వంటింట్లో పెసలు చాలు.

ముందు నలభై గింజలు వాళ్ల చేతే ఏరించండి, పుచ్చినవీ విరిగినవీ తీసేయాలి. నాలుగు గంటలు నానబెట్టి నీళ్లు వంచేసి, ఇరవై చొప్పున తడిగుడ్డలో చుట్టి రెండు గిన్నెల్లో పెట్టండి. ఒకటి వంటింటి గట్టు మీద, ఇంకోటి ఫ్రిజ్‌లో. ఇరవై ఎందుకంటే, ఐదే పెడితే ఒక్క గింజ చెడినా ఐదో వంతు పోయినట్టే, అప్పుడు లెక్కని నమ్మలేం.

ఎన్ని మొలుస్తాయో ముందే రాయించండి. తర్వాత దిద్దకూడదు.

ఏది మొలిచినట్టో కూడా ముందే తేల్చుకోవాలి. మేమైతే పొట్టు చీల్చుకుని తెల్లటి మొన బయటికొస్తేనే మొలక అనుకున్నాం, గింజ ఉబ్బితే లెక్కలోకి రాదు. ఇక రెండు రోజులు పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి లెక్కపెట్టి రాయడమే. గుడ్డ ఆరిపోకుండా చూసుకోండి.

గట్టు మీదవి దాదాపు అన్నీ మొలుస్తాయి, ఫ్రిజ్‌లోవి చాలావరకు అలాగే ఉంటాయి. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మా అమ్మాయి వెంటనే "ఫ్రిజ్‌లో చీకటి కదా, అందుకే మొలవలేదు" అంది. తప్పని చెప్పకండి. "రెండు గిన్నెలకీ చీకటి ఒక్కటేనా తేడా?" అని అడగండి. తను ఫ్రిజ్‌లో చెయ్యిపెట్టి చూసి "చల్లగా కూడా ఉంది" అంది. అయితే రెండిట్లో కారణం ఏది? ఇంకో ఇరవై గింజలు అలాగే నానబెట్టి, మూత వదులుగా పెట్టిన స్టీలు డబ్బాలో, అలమారలో ఉంచాం. చీకట్లోనూ మొలిచాయి! అంటే పెసలకి వెలుతురు అక్కర్లేదు. పెసలకి మాత్రమే సుమా, అన్ని విత్తనాల గురించీ ఈ లెక్క చెప్పదు, కొన్ని రకాల లెట్యూస్ విత్తనాలకి వెలుతురు కావాలి.

లెక్కకి పొసగనిది కనిపిస్తే పక్కన పెట్టనివ్వకండి. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చినప్పుడు, డాక్టర్ జాన్ స్నో చావుల లెక్క తీస్తే ఎక్కువ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూనే తేలాయి. కానీ ఆ పంపు దగ్గరి బీరు తయారీ కేంద్రంలో డెబ్బై మందికి పైగా పనివాళ్లుంటే ఒక్కరూ కలరాతో చనిపోలేదు. ఆయన దాన్ని వదిలెయ్యలేదు, వెళ్లి అడిగాడు. వాళ్లకి రోజూ బీరు ఇస్తారు, లోపల సొంత బావి ఉంది, ఆ పంపు నీళ్లు తాగరు! పిల్లలకి ఈ కథ తప్పకుండా చెప్పండి.

చివర్లో మూడు వాక్యాలు రాయించండి: నేను చూసింది, దాన్నిబట్టి అనుకుంటున్నది, ఇంకా తెలియనిది. మూడోది మర్చిపోవద్దు. మా అమ్మాయి అక్కడ "ఫ్రిజ్‌లోవి బయట పెడితే మొలుస్తాయా?" అని రాసుకుంది. ఆ సాయంత్రమే ఆ గిన్నె గట్టు మీదకొచ్చింది.